హౌలా, హౌలే, అవులోడు: ఈ మాట ఎక్కడిది?

రామగిరి కోడలు, నల్లగొండ

అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లెటూరు. పెళ్లై నల్లగొండ రామగిరికి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఇక్కడి మాటలు చాలావరకు పట్టుబడ్డాయి. ఆనిగపుకాయ, ఎల్లిపాయ, అంగి, లాగు, తోలుకపోవుడు, అన్నీ వచ్చేశాయి. ఒక్క మాట మాత్రం ఇన్నేళ్లయినా తేలడం లేదు. హౌలా.

మొదటిసారి విన్నది పెళ్లైన కొత్తలో. ఇంట్లో నీళ్ల మోటారు పాడైతే ఒకాయన వచ్చాడు. మోటారు మొత్తం విప్పాడు, వాకిలంతా పరిచాడు, మళ్లీ బిగించాడు. ఒక మర చేతిలో మిగిలింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకుని, డబ్బులు కూడా అడగకుండా వెళ్లిపోయాడు. మోటారు మాత్రం నడిచింది. మా మరిది నవ్వి, "ఆయన హౌలగాడు వదినా, పని మంచిగ చేస్తడు" అన్నాడు. నేను హవాలా అనుకున్నాను. పేపర్లో చదివేదాన్ని కదా, హవాలా డబ్బు అని. "పాపం, చూడ్డానికి అమాయకుడిలా ఉన్నాడు, అలాంటి పనులు చేస్తాడా?" అన్నాను గుసగుసగా. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా చుట్టాలొస్తే ముందు ఈ కథ చెప్పాకే టీ ఇస్తారు.

తర్వాత అర్థం కాస్త కాస్త పట్టుకున్నాను. మా మరిది స్నేహితుడు ఒకడు, సాగర్ గేట్లు ఎత్తారని ఎవరో అంటే రాత్రి పదకొండింటికి బండేసుకుని పోయాడు, వర్షంలో. తెల్లారి అక్కడ చూస్తే గేట్లు మూసే ఉన్నాయి. సరే, వచ్చాను కదా అని మెట్ల మీద కూర్చుని టిఫిన్ తిని, గేట్ల ముందు ఫోటో దిగి వచ్చాడు. వాడు హౌలే. ఏటీఎం ముందు చెప్పులు విడిచి లోపలికి వెళ్లే మనిషి హౌలే. అంటే పిచ్చి కాదు, తెలివి లేకపోవడమూ కాదు. ఏదో ఒక మర మిగిలిపోయిన మనిషి అన్నమాట.

అత్తమ్మ మాత్రం 'హ' పలకరు. అవులోడు, అవులది అంటారు. ఓసారి పొయ్యి మీద పాలు, లోపల ఫోను, గేటు దగ్గర కూరగాయల బండి. మూడింటికీ నేనే. చేతిలో గరిటెతో గేటు దాకా పోయి, గరిటెతోనే ఫోను ఎత్తబోయి, మొత్తానికి పాలు పొంగించాను. "గదేందే పిల్లా, అవులదాని లెక్క ఉరుకుతవ్? నిమ్మలంగ చెయ్యరాదు" అన్నారు. తిట్టినట్టు లేదు. తల నిమిరినట్టే ఉంది. ఆవిడ సొంత అన్నను కూడా అవులోడనే అంటారు, అదీ నవ్వుతూ.

అసలు సందేహం పోయిన వారం వచ్చింది. మా ఇంటి వెనకాల జాకెట్లు కుట్టే ఖాలా ఉంది. నా చీరకు ఫాల్ వేయించుకోవడానికి వెళ్లాను. వాళ్లబ్బాయి హైదరాబాదు నుంచి బండి మీద బయల్దేరాడట, వాన పట్టుకుంది, ఫోను కలవడం లేదు. ఖాలా మిషను ఆపేసి గుండె మీద చెయ్యి పెట్టుకుని, "దిల్ మే హౌల్ ఉట్రా బేటీ" అంది. నాకు ఒక్క క్షణం ఏమీ తోచలేదు. ఈమె గుండెలో హౌలాతనం లేవడమేమిటి? అడిగితే "భయం బేటీ, భయం. గుండె దడదడ" అని చెప్పింది. అబ్బాయి నార్కట్‌పల్లి దగ్గర చాయ్ హోటల్లో ఆగాడట, ఫోన్‌లో చార్జింగ్ లేదు. గంటలో వచ్చాడు. అది వేరే సంగతి.

నా ప్రశ్న అదే. ఖాలా అన్న హౌల్, మా మరిది అనే హౌలా ఒకటేనా? ఒకటే అయితే భయం అనే మాట తిక్క పనులు చేసేవాడికి ఎట్లా అంటుకుంది? మా నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన్ని అడిగితే అరగంట ఆలోచించి, "హాలికుడమ్మా. హలం పట్టేవాడు. పట్నం వాళ్లు పల్లెటూరివాణ్ని వెక్కిరించడానికి వాడి ఉంటారు, అదే హౌలా అయింది" అని తేల్చేశారు. ఆయన మాట కొట్టెయ్యడానికి మనసు రాదు, నమ్మడానికీ రావడం లేదు. ఇంకోటి, పెద్దవాళ్ల ముందు అనొచ్చా ఈ మాట? నేను ఒకసారి ఆడపడుచు అత్తగారి ముందు అనేసి, తర్వాత రాత్రంతా టెన్షన్ పడ్డాను.

పాలమూరోన్ని

అక్కా, హవాలా కథకు నవ్వి నవ్వి కడుపు నొచ్చింది.

మాట ఎక్కడిదో నాకు తెల్వదు గానీ, ఎక్కడ వాడాల్నో చెప్తా. మాకు పిచ్చోడు వేరు, తిక్కలోడు వేరు, హౌలాగాడు వేరు. పిచ్చోడంటే మనసుకు బాగలేనోడు, ఆని జోలికి పోవద్దు. తిక్కలోనికి కోపం ఉంటది, హౌలాగానికి ఉండదు. తిక్కలోడు నువ్వు చెప్పింది చెయ్యడు. హౌలాగాడు నువ్వు చెప్పనిది చేస్తడు. పెండ్లిల తిక్కలోడు అలిగి పంక్తిలకెళ్లి లేస్తడు. హౌలాగాడు ఎవరి పెండ్లో సూడకుండ పక్క ఫంక్షన్ హాల్ల కట్నం చదివిచ్చి వస్తడు. ఇది మా చిన్నాయన నిజంగ చేసిండు. ఐదు వందల పదార్లు. అడిగి వాపసు తెచ్చుకునుడు ఇజ్జత్ తక్కువని ఆడనే తినొచ్చిండు.

ఇంకో ముచ్చట. మా బాపు చాన ఏండ్లు ముంబైల మేస్త్రి పనికి పోయిండు. ఆడ హౌలా అంటె ఎవనికీ సమజ్ కాదట. ఆడ 'యేడా' అంటరు. మనోళ్లు మనోళ్లు ఒక తాన ఉన్నప్పుడే హౌలే అనుకునేదట. రైల్ల గుర్తువట్టాలంటె గిదే గుర్తు అంటడు మా బాపు. పక్క డబ్బలకెళ్లి "అరే హౌలే" అని వినవడ్డదంటె ఆడ మన దిక్కు మనుషులు ఉన్నట్టే.

పెద్దోళ్ల ముందట అనొచ్చు. పెద్దోళ్లను అనొద్దు, గంతే.

ఊరికే చూసేవాణ్ని

ఇంత కథ ఎందుకు? ఇంగ్లీషులో ఔల్ అంటే గుడ్లగూబ. హిందీలో మూర్ఖుణ్ని ఉల్లూ అంటారు కదా, అదీ గుడ్లగూబే. ఔల్ నుంచి హౌలా. అయిపోయింది.

జడ్చర్ల ఉర్దూ సారు

అమ్మా, ముప్పై ఏళ్లు బడిలో ఉర్దూ చెప్పి రిటైరయ్యాను. ఎవరూ ఏమీ అడగక నోరు తుప్పు పట్టి ఉంది. కాబట్టి కాస్త పొడుగు అవుతుంది, ఓపిక పట్టండి.

మీ ఖాలా మాట, మీ మరిది మాట ఒకటే. మీ ఖాలా దగ్గర ఉన్నది చెట్టు వేరు, మీ మరిది దగ్గర ఉన్నది దాని కొమ్మ. హౌల్ అరబ్బీ మాట. గుండె జారిపోయేంత భయం అని అర్థం. అరబ్బీ నుంచి ఫార్సీకి, ఫార్సీ నుంచి ఉర్దూకు వచ్చింది. ఉర్దూలో హౌల్‌నాక్ అంటే భీకరమైనది. హౌల్‌దిల్ అంటే గుండె దడ. కొడుకు ఫోను కలవకపోతే తల్లి గుండెలో లేచేది హౌల్. అంతకంటే సరిగ్గా ఆ మాట వాడే చోటు ఇంకోటి లేదు.

ఇక హౌలా. హౌల్ పట్టుకున్న మనిషి ఏం చేస్తాడో ఒకసారి తలచుకోండి. కుడికాలి చెప్పు ఎడమకాలికి తొడుగుతాడు. దుకాణంలో చిల్లర జాగ్రత్తగా లెక్కపెట్టుకుని సరుకు అక్కడే వదిలి వస్తాడు. తాళం వేసిన తలుపును మళ్లీ వచ్చి రెండుసార్లు లాగి చూస్తాడు. లోపలి భయం ఎవరికీ కనిపించదు, పైకి చేష్టే కనిపిస్తుంది. మన దక్కనీ ఉర్దూలో ఆ చేష్టకే పేరు నిలబడిపోయింది. భయం ఊడిపోయింది. మీ అత్తమ్మగారు గరిటెతో పరుగెత్తిన మిమ్మల్ని అవులది అన్నారు చూడండి, నా లెక్కలో అది మీ మరిది వాడకం కంటే పాతది. అందులో కంగారు ఇంకా మిగిలి ఉంది. సాగర్ గేట్లు చూడబోయిన పిల్లవాడిలో కంగారు ఏముంది? ఏమీ లేదు. వాడిది వట్టి హౌలాపన్.

ఇట్లా జరిగిన మాట ఇదొక్కటే అనుకోకండి. దివానా అంటాం. అందులో ఉన్న దీవ్ అంటే ఫార్సీలో దయ్యం. దయ్యం పట్టినవాడు దివానా. ఇప్పుడు ప్రేమలో పడ్డవాడు కూడా దివానాయే. పరేషాన్ అంటే చెల్లాచెదురైనది అని. విరబోసుకున్న జుట్టును కూడా పరేషాన్ అంటారు. మనకు అది దిగులైంది. హైరాన్ అంటే దిక్కుతోచక నిలబడిపోయినవాడు. తెలుగులో హైరానా పడటం అంటే నిలబడటం కాదు, ఉరుకులాట! మాట సరిహద్దు దాటేసరికి నిలబడ్డవాడు కూడా పరుగెత్తాడు. ఉర్దూ దాకా ఎందుకు, మీ వైపు పైత్యం అంటారు కదా. అది పిత్తం. కడుపులోది. వైద్యుడి మాట. పిత్తం తలకెక్కితే మనిషి తిక్కగా ప్రవర్తిస్తాడని నమ్మిన రోజుల్లో పుట్టి, ఆ వైద్యం తెలియనివాళ్ల నోట్లో కూడా మిగిలింది. ఒకరు దయ్యాన్ని చూశారు, ఒకరు పిత్తాన్ని చూశారు, మనవాళ్లు భయాన్ని చూశారు.

హౌలే అని ఎందుకంటారో చెప్పాలి. దక్కనీలో మగవాడు హౌలా, ఆడమనిషి హౌలీ. పిలిచేటప్పుడు ఆ చివర 'ఆ' పోయి 'ఏ' వస్తుంది. బేటా, పిలిస్తే బేటే. సాలా, పిలిస్తే సాలే. హౌలా, పిలిస్తే హౌలే. తెలుగువాళ్లు ఆ మాటను ఎక్కువగా విన్నది ఎవరో ఎవర్నో కేకేస్తుంటేనే. కాబట్టి ఆ పిలుపునే పేరుగా పట్టుకుని, దాని తోకకు మన 'గాడు' తగిలించి హౌలేగాడు చేశారు. ఉర్దూ వ్యాకరణం చెప్పేవాడికి ఇది వింటే పళ్లు పులుస్తాయి. నేనూ అంటాను, ఏం చేస్తాం. ఇక 'హ' రాలిపోవడం మీరు రోజూ వింటూనే ఉంటారు. హైదరాబాదు ఐదరాబాదు, హోటలు ఓటలు, హుషారు ఉషారు. అట్లాగే హౌలా అవుల.

మీ నాన్నగారికి నా సలాం చెప్పండి. హాలికుడు మంచి మాటే, కానీ ఇక్కడ కుదరదు. 'హా' అనే దీర్ఘం 'హౌ'గా మారే దారి తెలుగులో నాకు కనిపించదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. అది సంస్కృతం నుంచి వచ్చిన మాటైతే గోదావరి జిల్లాల్లోనూ ఉండాలి కదా, అక్కడ మాత్రం నాగళ్లు లేవా? మీరు తణుకులో పుట్టి పెరిగీ నల్లగొండ వచ్చేదాకా ఆ మాట వినలేదు. అదే సాక్ష్యం. సాగర్ దాటి మాచర్ల వైపు పోతే పాతకాలం మనుషుల నోట ఈ మాట దొరకదు. ఇప్పుడు సినిమాల వల్ల, ఫోన్ల వల్ల అందరికీ తెలిసింది గానీ, దాని అసలు హద్దు పాత నిజాం రాజ్యం హద్దే.

1880ల్లో నిజాం సర్కారు ఫార్సీ తీసేసి ఉర్దూలో పాలన మొదలుపెట్టింది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ వచ్చింది, చదువంతా ఉర్దూలోనే. 1948 దాకా నల్లగొండలోనైనా పాలమూరులోనైనా కచేరీ మెట్లెక్కితే ఉర్దూ తప్పదు. అయితే ఒక తేడా గమనించండి. తహసీల్, గిర్దావర్, పహాణీ, ఇవన్నీ కాగితం మీద వచ్చిన మాటలు. భూమి ఉన్నవాడికి కావలసినవి. హౌలాను ఏ తహసీల్దారూ రాయలేదు. అది బజారులో వచ్చింది. మా బాదేపల్లి మార్కెట్లో పల్లీ బస్తాలు మోసేచోట, టాంగాల అడ్డా దగ్గర, చాయ్ హోటల్లో. ఇద్దరు హమాలీలు, ఒకరిది ఉర్దూ, ఒకరిది తెలుగు, ఒకే బస్తాకు చెరో కొస పట్టారు. ఒకడు ఎత్తేటప్పుడు ఇంకొకడు దించాడు. అప్పుడు ఏమని అరుస్తాడు చెప్పండి? అట్లా పుట్టిన చుట్టరికం. అందుకే కాగితం మాటలు ఒక్కొక్కటే పోతున్నా ఇది పోలేదు.

గుడ్లగూబ గురించి: ఉల్లూ అంటే మూర్ఖుడు, నిజమే. కానీ ఇంగ్లీషువాళ్లకు గుడ్లగూబ తెలివికి గుర్తు. తిట్టును తెలివి నుంచి ఎందుకు తెచ్చుకుంటాం?

పాలమూరోన్ని

సారూ, మీరు చెప్పినంక ఒక అనుమానం. మా పక్కింటి తాత యాష్టకొస్తే "లాహౌల్" అంటుండె. గా హౌల్ గీ హౌల్ ఒకటే కాదా?

జడ్చర్ల ఉర్దూ సారు

కాదు నాయనా, కానీ చెవికి తేడా తెలియదు, నీ తప్పు లేదు. ఉర్దూలో 'హ'కు రెండు అక్షరాలున్నాయి, బడీ హే, ఛోటీ హే. మనం పలికేటప్పుడు రెండూ ఒకటే. రాసేటప్పుడు పిల్లలు నా చేత దెబ్బలు తిన్నది ఇక్కడే. మీ తాత అన్న లాహౌల్ ఒక పెద్ద వాక్యానికి మొదలు. అల్లా తప్ప వేరే శక్తి లేదు అని దాని భావం. అక్కడ హౌల్ బడీ హేతో రాస్తారు, శక్తి అని అర్థం. భయం అనే హౌల్ ఛోటీ హేతో. ఒకటి ధైర్యం కోసం చదివేది, ఇంకోటి ధైర్యం పోతే వచ్చేది. వాకిట్లో హౌలేగాణ్ని చూసి తాత లాహౌల్ అన్నాడనుకో, రెండూ పక్కపక్కనే ఉంటాయి గానీ చుట్టాలు కావు.

దమ్మామ్ డ్రైవరు, మిర్యాలగూడ

సారు చెప్పింది చదివి మంచం మీద లేచి కూర్చున్నా. నేను సౌదీలో ట్రెయిలర్ నడిపి వచ్చినోణ్ని. మా షెడ్డులో ఒక ఈజిప్టు ఆయన ఫోర్‌మన్. ఆయన తాళంచెవుల గుత్తికి చిన్న బొమ్మ ఉండేది, సింహం ఒళ్లు, మనిషి తల. పిరమిడ్ల దగ్గర ఉంటది కదా, అది. ఒకరోజు మా మిర్యాలగూడ పిల్లగాడు బండిని రివర్స్ తీసి నీళ్ల ట్యాంకుకు తాకిచ్చిండు. నేను "అరే హౌలే" అని అరిచిన. ఫోర్‌మన్ ఉలిక్కిపడి నా దిక్కు చూసి, గుత్తి ఎత్తి చూపిచ్చి "అబుల్ హౌల్?" అన్నడు. వాళ్లు ఆ బొమ్మను అట్లనే అంటరట, అబుల్ హౌల్. భయానికి తండ్రి అని. ఆయన నేను ఆ పిల్లగాణ్ని అంత పెద్ద పేరుతోటి పిలిచిన అనుకున్నడు. వచ్చీరాని అరబ్బీల ఎంత చెప్పినా సమజ్ కాలేదు. అప్పటికెళ్లి షెడ్డంతా ఆ పిల్లగానికి అబుల్ హౌల్ అనే పేరు పడ్డది. మూడేండ్లు అదే పేరు. ఇన్నేండ్లకు ఇవ్వాళ తెలిసింది, ఫోర్‌మన్ చెప్పింది కరెక్టేనని.

వార్డు అక్క

ఆస్పత్రిలో పనిచేసి రిటైరయ్యాను. హౌలా అనుకోండి, అవుల అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు నచ్చనిది ఎర్రగడ్డ, హైదరాబాదులో మానసిక వైద్యశాల ఉన్న చోటు. "వాణ్ని ఎర్రగడ్డకు పంపాలె" అని చిన్నపిల్లలు కూడా అంటారు. అక్కడ మందులు తీసుకుని నయమై ఇంటికి వచ్చినవాళ్లు ఎంతమందో. బస్సులో "ఎర్రగడ్డ టికెట్" అని అడగడానికి కూడా సిగ్గుపడి ముందు స్టాపు చెప్పి, అక్కడ దిగి నడిచిన తల్లి ఒకామె నాకు తెలుసు. అయినా ప్రతి భాషకూ ఒక ఎర్రగడ్డ ఉందనుకోండి. హిందీవాళ్లకు ఆగ్రా, రాంచీ. తమిళులకు కీల్పాక్. లండన్‌లో బెత్లెం అనే ఆస్పత్రి పేరు నోళ్లల్లో నలిగి బెడ్లం అయి, ఇంగ్లీషులో గోలగా ఉండే చోటుకల్లా ఆ పేరే పడింది. ఊరి పేరు తిట్టు కావడం ఆ ఊళ్లో ఉండేవాళ్లకు ఎంత కష్టమో.

రామగిరి కోడలు, నల్లగొండ

అందరికీ చాలా చాలా థాంక్స్. ఉర్దూ సారు రాసింది నాన్నగారికి చదివి వినిపించాను. రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత "బస్తా మోసే చోట అన్నారు కదా, వాళ్లూ హాలికులేనమ్మా, వానల్లేక పట్నం వచ్చినవాళ్లు" అన్నారు. కాబట్టి ఆయన పక్షం ఆయనదే.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న మధ్యాహ్నం అత్తమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని ఇదంతా చదివాను. భయం పట్టినవాడు చేసే చేష్టలు అన్న దగ్గర చెయ్యి ఆగింది. "మా అన్న గట్లనే" అన్నారు.

ఆయన మా ఆయనకు మేనమామ. దేవరకొండ వైపు ఊళ్లో బత్తాయి తోట ఉంది. నలుగురు చెల్లెళ్లు ఆయనకు. బోరు దగ్గరి నాలుగు చెట్లకు నలుగురి పేర్లు పెట్టుకున్నాడు. ఎవరి చెట్టు కాయలు వాళ్ల ఇంటికే పంపుతాడు. ఇది నాకు తెలుసు, తెలిసి నవ్వుకున్నాను కూడా. ఒక ఏడాది మాకు సంచిలో పద్నాలుగు కాయలొచ్చాయి, చిన్నత్తకు మూడు సంచులు. "అన్నా, గంత తోటల నాకు పద్నాలుగేనా?" అని అత్తమ్మ ఫోన్ చేస్తే, "నీ చెట్టు గన్నే కాసింది, నేనేం చేతు?" అన్నాడట. ఊళ్లో అందరూ అవులోడు అనేది ఇందుకే. ఒకరి చెట్టు కాయ ఒకరికి కలిస్తే ఊరుకోడు, గంపలు వేరు, సంచులు వేరు, కుట్టే దారం రంగు వేరు.

రెండేళ్ల కింద వేసవిలో ఒక పొద్దున ఐదున్నరకు గేటు చప్పుడైంది. చూస్తే ఈ మామ. మొదటి బస్సుకు వచ్చాడట. చేతిలో సంచి లేదు, ముందు ఫోను లేదు. "చెల్లె లేచిందా?" అన్నాడు. స్నానం చేస్తున్నారని చెప్పాను. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్ల మీదే కూర్చున్నాడు. టీ ఇస్తే పక్కన పెట్టుకున్నాడు గానీ తాగలేదు. అత్తమ్మ తల తుడుచుకుంటూ బయటికి వచ్చేదాకా ఆ తలుపు వైపే చూస్తున్నాడు. ఆమె వచ్చి, "ఏందన్నా, అవులోని లెక్క ఇంత పొద్దుగాల?" అంటే, "ఏం లేదు, ఊకెనే వచ్చిన" అని చల్లారిన టీ ఒక్క గుటకలో తాగేశాడు. మధ్యాహ్నం అన్నం తిని బస్సెక్కి వెళ్లిపోయాడు. మేమంతా నవ్వుకున్నాం. మా మరిదైతే "మామ సూపర్ హౌలే" అన్నాడు.

ఆ వేసవిలో బోరు ఎండిపోయిందని మాకు తెలుసు. అత్తమ్మ పేరు పెట్టిన చెట్టు పూర్తిగా ఎండిందని, ముందు రోజు సాయంత్రం దాని కొమ్మ విరిచి చూసి పచ్చి లేదని తెలుసుకున్నాడని, ఆ రాత్రి నిద్ర పోకుండా బస్టాండుకు వచ్చి కూర్చున్నాడని మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. మొన్న పెద్దత్త మాటల్లో అనేస్తే అత్తమ్మకు తెలిసిందట. నాకు నిన్న తెలిసింది.

"మరి పోయిన సీజన్‌లో మనకు రెండు సంచులు వచ్చాయి కదత్తమ్మా, అవి ఏ చెట్టువి?" అని అడిగాను.

"అందరి చెట్లల్ల కొన్ని కొన్ని తెంపిండట" అన్నారు, ఇంకో కాయ చేతిలోకి తీసుకుని.